అటక మీది ట్రంకు పెట్టె – ఒక రూపాయి అద్దె

మన ఎపిసోడ్లు రెగ్యులర్‌గా చూసేవాళ్ళకి తెలుసు, నేను బీటెక్ చేసి, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఆ తర్వాత ఇలా కెమెరా ముందుకొచ్చినవాణ్ణి. మామూలుగా ఉద్యోగాలు, ఇంటర్వ్యూలు, డబ్బు గురించి మాట్లాడుకుంటాం కదా. ఈరోజు అవేం లేవు. ఈరోజు నా పక్కన ఒక ట్రంకు పెట్టె ఉంది, చూడండి. తుప్పు పట్టింది, గడియ కూడా ఊడిపోయింది. ఇందులో నా చిన్నప్పటి కామిక్సులు ఉన్నాయి. వాటి గురించి, వాటిని పిల్లలకి ఇవ్వడం గురించి మాట్లాడదాం. దాంతోపాటు నేను చేసిన ఒక తప్పు గురించి కూడా చెప్పాలి. అది చెప్పడానికే నిజానికి ఈ ఎపిసోడ్.

మాది తెనాలి. తెనాలివాడు పుస్తకాల గురించి మాట్లాడితే ముందు చందమామ దగ్గరే మొదలుపెట్టాలి. 1947 జులైలో బి. నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు మద్రాసులో చందమామ మొదలుపెట్టారు. ఆ చక్రపాణి గారిది మా తెనాలే. తర్వాత దాన్ని ఏళ్ళ తరబడి నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. తోకచుక్క లాంటి సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారిది తెనాలి పక్కన పల్లెటూరు. ఆ సీరియల్స్ మీద ఆయన పేరు ఉండేది కాదు. లక్షల మంది చదివారు, రాసిందెవరో చాలామందికి తెలీదు.

మా అమ్మమ్మ చందమామలో సీరియల్ పేజీలు విడదీసి, ఒక్కో సీరియల్‌నీ సూదీ దారంతో కుట్టి పెట్టేది. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటివి ఉండే ఉంటాయి. అట్ట మీద వడ్డాది పాపయ్య గారి బొమ్మ, లోపల చిత్ర గారివీ శంకర్ గారివీ బొమ్మలు. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ ఉంది చూశారూ, అది శంకర్ గారిది. నాకు అక్షరాలు రాకముందే ఆ బొమ్మ వచ్చు.

అయితే చందమామ కామిక్ కాదండీ. బొమ్మలున్న కథల పత్రిక. కామిక్ అంటే గళ్ళు గళ్ళుగా, మనిషి నోట్లోంచి మాట బుడగలా బయటికొచ్చేది. తెలుగులో ఆ పని చేసినవాళ్ళల్లో ముందు చెప్పుకోవాల్సింది బుజ్జాయి గారిని. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి. ఆయన డుంబు మా అమ్మ తరం వాళ్ళకి బాగా తెలుసు. నా తరానికి వచ్చేసరికి టింకిల్, అమర చిత్ర కథ, చాచా చౌదరి. నేను ఎక్కువగా పోగేసింది ఇవే.

ఎలా పోగేశానో చెప్తాను. మా నాన్న పని మీద నెలకోసారి విజయవాడ వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు స్టేషన్‌లో ఒక టింకిల్ తెచ్చేవాడు. అది కూడా యూనిట్ టెస్ట్ మార్కులు బాగుంటేనే. అంటే నెలకి ఒకటి, కొన్ని నెలల్లో అదీ లేదు. అలా పెరగదని నాకు అర్థమైపోయింది. అందుకని పాత పుస్తకాల మీద పడ్డాను. తూకానికి పాత పేపర్లు కొనే అతను మా వీధిలోకి వస్తే సైకిల్ వెనకాలే తిరిగేవాణ్ణి. సెలవుల్లో నాన్నతో విజయవాడ వెళ్తే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల ముందు కూలబడేవాణ్ణి. కొత్తవాటి ధరలో మూడో వంతుకీ నాలుగో వంతుకీ వచ్చేవి. అట్ట లేనిది ఇంకా తక్కువ.

కలెక్షన్ పిచ్చి ఉన్నవాళ్ళకి నంబర్ల పిచ్చి కూడా ఉంటుంది. అమర చిత్ర కథ మొదటి పుస్తకం కృష్ణ అని అందరూ అంటారు. కానీ పాత నంబర్లలో అది 11. మరి ఒకటి నుంచి పది ఏమయ్యాయి? నేను రెండేళ్ళు వెతికాను. ఎక్కడా దొరకలేదు. పెద్దయ్యాక తెలిసింది, 1967లో ఆ సిరీస్ మొదలైనప్పుడు మొదటి పది సిండ్రెల్లా లాంటి విదేశీ కథలట. అనంత్ పాయ్ గారు మన కథలు మొదలుపెట్టింది పదకొండు నుంచి. ఆ కృష్ణకి బొమ్మలు వేసింది రామ్ వాయిర్‌కర్ గారు. 1980లో టింకిల్ వచ్చాక, అందులో సుప్పండికి రూపం ఇచ్చింది కూడా ఆయనే. ఒకే చెయ్యి కృష్ణుణ్ణీ గీసింది, గుడ్డు ఆకారం తలకాయ ఉన్న సుప్పండినీ గీసింది! ఆ సుప్పండి కథలు కూడా మొదట తిరుచ్చి నుంచి ఒక పాఠకుడు రాసి పంపినవి. ఆఫీసులో కూర్చుని ఎవరో కనిపెట్టినవి కావు.

సరే, అసలు విషయానికి వస్తాను. 2006 వేసవికి నా దగ్గర 143 పుస్తకాలు అయ్యాయి. నాకు పదేళ్ళు. అప్పుడే నాకొక ఐడియా వచ్చింది. మా ఊళ్ళో నవలలు అద్దెకిచ్చే షాపు ఉండేది, అమ్మ అక్కడ తెచ్చుకునేది. నేనూ అలాగే మొదలుపెట్టాను. మా ఇంటి అరుగు మీద ఈ ట్రంకు పెట్టె తెరిచి పెట్టేవాణ్ణి. రోజుకి ఒక రూపాయి అద్దె. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో గీతలు కొట్టి నంబరు, పుస్తకం పేరు, కొన్న తేదీ, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడిచ్చారు, అన్నీ రాసేవాణ్ణి. ఇదిగోండి, ఆ నోట్‌బుక్ ఇదే. చెదలు అంచులు తిన్నాయి గానీ లోపల రాసిందంతా కనిపిస్తోంది.

ఇంక రూల్స్. చేతులు కడుక్కోవాలి. పడుకుని చదవకూడదు. అన్నం తింటూ చదవకూడదు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పకూడదు. మొత్తం పద్నాలుగు రూల్స్ అట్ట లోపల రాసి అంటించాను. ఇప్పుడు చదివితే నాకే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం చాలా సీరియస్.

మా వీధి చివర ఇస్త్రీ బండి ఉండేది. ఆ ఇస్త్రీ ఆయన కొడుకు నాకంటే రెండేళ్ళు చిన్న. పేరు చెప్పను. వాడి దగ్గర రూపాయి ఉండేది కాదు. మడత పెట్టిన బట్టలు ఇళ్ళల్లో ఇచ్చి వెళ్తూ మా అరుగు దగ్గర ఆగేవాడు. ట్రంకు పెట్టెలో ఒక పుస్తకం వైపే చూసేవాడు. అమర చిత్ర కథలో తెనాలి రామన్ పుస్తకం అది. ఇంగ్లీషుది. వాడికి ఇంగ్లీషు రాదు, కానీ అట్ట మీద తెనాలి అనే మాట ఉందని ఎవరో చెప్పారు. మన ఊరి పేరు పుస్తకం మీద ఉందా అని వాడికి ఆశ్చర్యం. రోజూ అడిగేవాడు, "అన్నా, ఒక్కసారి ఇయ్యన్నా" అని.

ఒకరోజు మా అమ్మ చూసి, "ఇవ్వరా, రూపాయి లేకపోతే ఏం, తెచ్చి ఇచ్చేస్తాడు" అంది. ఇచ్చాను. మర్నాడు తెచ్చాడు. నేను అలవాటుగా పేజీలు లెక్కపెట్టాను. చివరి ఆకు లేదు. చివరి కథ సగంలో ఆగిపోయింది.

అరుగు మీద ఏడెనిమిది మంది పిల్లలున్నారు. అందరి ముందు అరిచాను. చించావన్నాను, దొంగిలించావన్నాను. వాడు "నేను చింపలా అన్నా" అని రెండుసార్లు అన్నాడు, అంతే. నోట్‌బుక్‌లో వాడి పేరు మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చింది. కొంగు ముడి విప్పి పది రూపాయల నోటు మా అమ్మకి ఇవ్వబోయింది. అమ్మ వద్దంటున్నా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ పది రూపాయలతో నేను ఇంకో కామిక్ కొన్నాను. అవునండీ, కొన్నాను. వాడు ఆ తర్వాత బట్టలు ఇవ్వడానికి మా ఇంటికి రాలేదు, వాళ్ళ నాన్నే వచ్చేవాడు.

తర్వాత టెన్త్, ఇంటర్ హాస్టల్, బీటెక్. ట్రంకు పెట్టె అటక ఎక్కింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. 2020లో లాక్‌డౌన్ వచ్చి అందరిలాగే నేనూ ఇంటికొచ్చి పడ్డాను. పగలంతా ల్యాప్‌టాప్, సాయంత్రం ఏం తోచేది కాదు. అప్పుడు దింపాను. పెట్టె అడుగు తుప్పు పట్టి చిల్లు పడింది, అందులోంచి చెదలు పట్టాయి. ఎప్పుడో వేసిన కలరా ఉండలు కరిగిపోయి వాసన కూడా లేదు. 143లో 61 మిగిలాయి.

సాఫ్ట్‌వేర్ వాడి బుద్ధి ఎలా ఉంటుందో చూడండి. మిగిలిన 61కి ఎక్సెల్ షీట్ చేశాను. ఒక్కోదానికి ప్లాస్టిక్ కవర్ తొడిగాను. రాత్రిళ్ళు కూర్చుని పాత కామిక్సుల ధరలు వెతికేవాణ్ణి. మీరూ వినే ఉంటారు, సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ ఒకటో నంబరు 1938లో పది సెంట్లు. 2014లో ఒక కాపీ వేలంలో 32 లక్షల డాలర్లకి పోయింది. ఇంకేముంది, నాకూ ఆశ పుట్టింది.

కానీ ఆ కాపీకి అంత ధర ఎందుకు? అప్పట్లో పిల్లలు వాటిని చదివారు, మడిచి జేబుల్లో పెట్టుకున్నారు, స్నేహితులకి ఇచ్చారు, చించారు. రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితం పోగుచేస్తుంటే అందులో వేసేశారు. అందుకే మిగిలినవి తక్కువ. అందరూ నాలాగా ప్లాస్టిక్ కవర్లో దాచి ఉంటే దాని ధర పది సెంట్ల దగ్గరే ఉండేదేమో. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. కవర్లు తొడుగుతూ కూర్చున్నాను.

2022 వేసవిలో మా అక్క కూతురు తెనాలి వచ్చింది. అక్కావాళ్ళు ఉండేది బెంగళూరులో. పిల్లకి ఏడేళ్ళు. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం రాదు. బళ్ళో ఇంగ్లీషు, హిందీ, కన్నడం. తెలుగు అక్షరాలు మా అమ్మ పలక మీద రాయిస్తే పది నిమిషాల్లో పారిపోయేది. ఇలాంటి పిల్లలు మీ ఇళ్ళల్లో కూడా ఉన్నారు కదా.

ఆ పిల్ల నా ట్రంకు పెట్టె చూసింది. నేను పక్కనే కూర్చుని, చేతులు కడిగించి, కవర్లోంచి తీసి ఒక్కోటి చూపించాను. ముందు ఇంగ్లీషువి చదివేసింది. తర్వాత తెలుగువి పట్టుకుంది. బొమ్మలో రాక్షసుడు కింద పడ్డాడు, పక్కన పెద్ద అక్షరాల్లో ఢాం అని ఉంది. "మావయ్యా, ఇది ఢాం కదా?" అంది. ఎలా తెలిసిందే అంటే, "పడితే అదే కదా సౌండ్" అంది. చూడండి, పలక మీద "ఢ" ఎన్నిసార్లు దిద్దించినా రాలేదు. బొమ్మలో రాక్షసుడు పడగానే వచ్చేసింది. ఒక్కో బుడగ కింద వేలు పెట్టి నేను గొంతు మార్చి చదివేవాణ్ణి. రాజుకి ఒక గొంతు, మంత్రికి ఒక గొంతు. నాలుగో రోజుకి "నువ్వు రాజు, నేను మంత్రి" అని పంపకం చేసింది. మంత్రి మాటలు తనే చదవాలి కాబట్టి కూడబలుక్కుని చదివింది. తప్పులు చాలా వచ్చేవి. వత్తు కనబడితే ఆగిపోయేది. కానీ పారిపోలేదు. రాజు ఏమన్నాడో విన్నాక మంత్రి ఏమంటాడో తెలియాలి కదా మరి.

ఒక మధ్యాహ్నం తెనాలి రామన్ పుస్తకం పూర్తి చేసి, "లాస్ట్ పేజీ ఏది మావయ్యా?" అంది.

"చిన్నప్పుడు ఒకడు చించేశాడులే."

"ఎందుకు చించాడు?"

ఏం చెప్తాం? ఎవరు, ఎప్పుడు తీసుకున్నారో అన్నీ రాసి ఉన్నాయి చూడు అని గొప్పగా ఈ నోట్‌బుక్ తీశాను. ఆ పుస్తకం నంబరు వెతికి తన చేతికి ఇచ్చాను. ఎర్ర గీత చూపిద్దామనుకున్నాను. తను మాత్రం ఎడమ పక్క నుంచి మొదలుపెట్టింది. కొన్న తేదీ పక్కన చిన్న అక్షరాలతో ఏదో రాసి ఉంటే వేలు పెట్టి చదివింది. "చి... వ... రి... ఆ... కు... లే... దు. చివరి ఆకు లేదు. మావయ్యా, చివరి ఆకు లేదు అని ఉంది!" చదవగలిగానని తనకి ఒకటే సంతోషం.

నా చేతిరాతే. కొన్న రోజునే రాసుకున్నాను. ఏప్రిల్‌లో కొన్నాను, వాడికి ఇచ్చింది మే నెలలో.

మీరు అడగొచ్చు, నీ పుస్తకం నువ్వే చదివావు కదా, ఆకు లేదని నీకు తెలీదా అని. నన్ను నేను చాలాసార్లు అడిగాను. తెలిసే ఉండాలి. ఆ కోపంలో గుర్తు రాలేదో, లేక గుర్తొచ్చినా అంతమంది ముందు వెనక్కి తగ్గలేకపోయానో, నిజం చెప్తున్నాను, ఇప్పటికీ నాకు తెలీదు. తెలిసిందల్లా ఒకటే. నేను పద్నాలుగు రూల్స్ పెట్టుకున్నది పుస్తకాల కోసం. వాటిని చదివేవాళ్ళ కోసం ఒక్కటీ లేదు.

ఆ ఇస్త్రీ బండి ఇప్పుడు లేదు. అడిగితే వాడు ఊళ్ళోనే మోటార్ వైండింగ్ షాపులో పని చేస్తున్నాడని తెలిసింది. వెళ్ళడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. మూడుసార్లు ఆ షాపు ముందు నుంచి బండి మీద వెళ్ళిపోయాను. చివరికి ఒకరోజు ఆగాను. నన్ను గుర్తుపట్టాడు. "రా అన్నా, కూర్చో" అన్నాడు. నోట్‌బుక్ చూపించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చదువుకున్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు.

"నేను చెప్పా కదన్నా" అన్నాడు. అంతే.

తర్వాత, "ఆ పది రూపాయలకి మా అమ్మ రెండ్రోజులు నన్ను తిట్టింది. ఇప్పుడు లేదులే" అన్నాడు. నేను పర్సు తీయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దన్నా. మా పాప రెండో తరగతి. పుస్తకాలుంటే తీసుకురా" అన్నాడు. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికైపోతుంది అంటారు కదా. నాకు తేలిక అవలేదు. వాళ్ళమ్మకి చెప్పాల్సిన మాట అలాగే ఉండిపోయింది. కానీ ఏం చెయ్యాలో మాత్రం తెలిసింది.

ఆ ఆదివారం పుస్తకాలు తీసుకెళ్ళాను. చివరి ఆకు ఉన్న కొత్త కాపీ కొని అదీ ఇచ్చాను. వాళ్ళ వీధిలో ఇంకో అయిదారుగురు పిల్లలు మూగారు. ఇప్పుడు తెనాలి వెళ్ళిన ప్రతిసారీ ఒక చాప పరిచి పుస్తకాలన్నీ పెడతాను. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కూడా ఆదివారం పొద్దున అదే పని. 61 ఇప్పుడు 200 దాటాయి, చాలామంది తమ ఇళ్ళల్లోవి తెచ్చి ఇచ్చారు. రిజిస్టర్ లేదు, రూపాయి లేదు.

మీరూ చేద్దామనుకుంటే నేను నేర్చుకున్నవి నాలుగు మాటలు చెప్తాను.

ఒకటి, పుస్తకాలు బీరువాలో వెన్ను కనబడేలా పేర్చొద్దు. నేల మీద అట్ట పైకి కనబడేలా పరవండి. పిల్లలు బొమ్మ చూసి తీసుకుంటారు, పేరు చూసి కాదు.

రెండు, చదివాక "నీతి ఏంటి, ఏం నేర్చుకున్నావు" అని అడక్కండి. అది పరీక్ష అయిపోతుంది. "ఇందులో నీకు ఎవరు నచ్చారు" అంటే చాలు, అరగంట చెప్తారు.

మూడు, పాత కామిక్సుల్లో మనం మాట్లాడాల్సినవి కూడా ఉంటాయి. రాక్షసుడంటే నల్లగానే ఉంటాడు, మంచివాడు తెల్లగా ఉంటాడు. ఆడవాళ్ళు ఎక్కువగా ఏడుస్తూ ఉంటారు. ఒక పాప నన్నే అడిగింది, "అన్నా, నేనూ నల్లగా ఉంటా కదా?" అని. పుస్తకం దాచెయ్యక్కర్లేదు, కానీ ఆ ప్రశ్నని దాటెయ్యకూడదు. గీసినవాళ్ళు తప్పుగా గీశారని చెప్పాను. మర్నాడు తను తెల్ల రాక్షసుణ్ణి గీసుకొచ్చింది.

నాలుగు, చిరుగుతాయి. తప్పకుండా చిరుగుతాయి. సెల్లో టేపు మాత్రం వెయ్యొద్దు, కొన్నాళ్ళకి అది పసుపురంగుకి తిరిగి కాగితాన్ని ఇంకా పాడుచేస్తుంది. పల్చటి కాగితం ముక్క, మైదా ఉడికించిన జిగురు చాలు. అంటించే పని పిల్లలకే ఇవ్వండి. చించినవాడికి కాదు, అందరికీ. అప్పుడు అది శిక్ష అవ్వదు.

ఫోన్‌లో పీడీఎఫ్‌లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, నేనూ చదువుతాను. కానీ ఒక పుస్తకం మీదకి ముగ్గురు వంగి, "ఆగరా, పేజీ తిప్పకు, నేనింకా చదవలేదు" అని దెబ్బలాడుకోవడం ఉంది చూశారూ, అది చాప మీదే జరుగుతుంది.

చందమామ కూడా నా చిన్నతనం అయిపోయిన కొన్నాళ్ళకే ఆగిపోయింది. కొత్త సంచికలు రావు. ఉన్నవే తిరగాలి. మీ ఇంట్లో అటక మీద, మంచం కింద, అమ్మమ్మ వాళ్ళింట్లో ఏదో ఒక పెట్టె ఉండే ఉంటుంది. చెదలు చూడకముందే మీరు చూడండి. ఈ ఆదివారం దింపండి. మీ వీధిలో రూపాయి లేక నిలబడి చూసే పిల్లవాడు ఎవరైనా ఉంటే, వాడికి ముందు ఇవ్వండి. వెనక్కి తెచ్చినప్పుడు పేజీలు లెక్కపెట్టకండి.

అంతేనండీ ఈరోజుకి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.